సాలు అననోడు

నకిరేకల్ల సడక్ పక్కన నాకొక చాయ హోటలున్నది. హోటలంటే పెద్దగ అనుకునేరు. తాటాకు పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి. లారీలోళ్లు ఆగుతరు, పల్లికాయ బేరగాళ్లు కూసుంటరు. నేను చాయ పోసుకుంట ఊళ్ల ముచ్చట్లన్నీ చెప్తుంట. గోపయ్య చాయ కంటె ముచ్చట్లకే గిరాకి ఎక్కువని అంటరు. కానీ ఈ ఒక్క ముచ్చట మాత్రం హోటల్ల ఎన్నడూ చెప్పలేదు. చెప్పబోతే భయం కంటె ముందు కోపమొస్తది.

ఇప్పటికి మూడేండ్లయింది, సాగర్ల డ్యాము కట్టుడు అప్పుడే నడుస్తున్నది. వానకాలం. మబ్బు పట్టి గాలి లేకుండ ఉన్న ఒక పొద్దు, మా అక్క కొడుకు ఎల్లేశం వచ్చిండు. బల్ల మీద కూసోలేదు. పందిరి గుంజ పట్టుకొని నిలవడ్డడు.

"మామా, మల్ల తాగిన" అన్నడు.

చేతుల ఉన్న గిలాస పొయ్యిల పడేయబుద్ధయింది నాకు. వీడు తాగుడు మాననీకి పడ్డ తిప్పలు కండ్లతోని చూసిన. వాని పెండ్లాం యాదలక్ష్మి, కడుపుతోని ఉన్న మనిషి, దర్గకు నడిపించుకపోయి తాయెత్తు కట్టించింది. వాని చేతులు వణికిన దినాలల్ల పక్కన కూసుండి అంబలి తాపింది. కల్లు మండువ తొవ్వ తప్పించి, చేన్లల్లకెల్లి చుట్టు తిప్పి పనికి తోలింది. పిల్లగాడు పుట్టి పాకే యాళ్లకు మనిషి మనిషయిండు. గట్లాంటోడు మల్ల తాగిండు.

ఎవడు తాపిండురా అని అడిగిన.

"నాయిన" అన్నడు.

వాళ్ల నాయిన బక్కయ్య, నాకు బావ. అప్పటికే సచ్చిపోయిండు.

మా బావ సంగతి చెప్పాలె మీకు. మా దిక్కు కల్లు దోసిట్ల తాగుతరు. పోసేటోడు లొట్టి వంపుతడు, తాగేటోడు దోసిలి పడతడు. తాగేటోడు 'సాలు' అనేదాక పోసేటోడు ఆపొద్దు, అది మర్యాద. మా బావ బతుకంతల ఆ మాట అన్న పాపాన పోలేదు. 'పొయ్యి బామ్మర్దీ, పొయ్యి' అనుడే. లొట్టికన్న సిగ్గు రావాలె గానీ ఆయనకు రాదు. కల్లు అయిపోతే సారా. సారాకు పైస లేకుంటే ఇంట్ల ఇత్తడి చెంబు మాయం. మా అక్క ఆ మనిషితోని ఏగి ఏగి ముందే పోయింది. ఆఖరుకు నెత్తురు కక్కుకొని ఆయనా పోయిండు.

పోయినంక పిట్టకు పెట్టిండ్రు, నేను ఆనాడు పోలే, ఎల్లేశం చెప్పంగ ఇన్నదే ఇది. సచ్చినోనికి ఇష్టమున్నవన్నీ బొంద కాడ పెడతరు గదా, పిట్ట వచ్చి ముడితే మనసు నిమ్మళమైనట్టు. బువ్వ, కోడికూర, బీడి, కల్లు పెట్టిండ్రు. ఎండ నెత్తి మీదికొచ్చినా పిట్ట రాలే. అప్పుడు బక్కయ్య తమ్ముడు లింగస్వామి, కొడుకు చేతితోని సాక పొయ్యాలె అన్నడట. ఎల్లేశం లొట్టి అందుకొని బొంద మీద వంపిండు. సచ్చినోడు నోరు తెరవడు గనక, ఆయన పేరు మీద ఆ ఇంటి నెత్తురున్నోడు ఒకడు 'సాలు' అనాలె. అది లింగస్వామి పని. అనలేదు. మా అన్న బతికుండంగ అనలే, సచ్చినంక అంటడా అని నవ్విండట. మందంత నవ్విండ్రట. లొట్టి అడుగుకొచ్చింది. మిగిలింది కొడుకు తాగితే తండ్రి తాగినట్టే అని లింగస్వామి దాన్ని వాని మూతికి పెట్టిండు. వద్దు చిన్నాయినా అంటే, కన్న తండ్రి కంటె పెండ్లాం కట్టిన తాయెత్తు ఎక్కువైందా అని ఆ తాయెత్తు గుంజి పడేసి తాపిండు.

తూ. గది మనుషులు చేసే పనేనా.

"నాకు తాగబుద్ధి కాదు మామా" అన్నడు ఎల్లేశం. "దీపాలు పెట్టే యాళ్లకు నా ముందట దోసిలి పడతడు. మన్నంటిన దోసిలి. నేను పోస్త. మల్ల చూస్తే తాగుతున్నది నేనే. ఒక్కన్ని ఉండలేను. నువ్వొచ్చి నా పక్కన కూసో. వేరేటోళ్లను అడిగితే నవ్వుతరు."

పొయ్యి ఆర్పి వాని ఎంబడి నడిచిన. దారి పొడుగున లింగస్వామిని తిట్టుకుంటనే పోయిన. మామూలుగ నా తిట్లకు ఎల్లేశం పడి పడి నవ్వుతడు. ఆ పొద్దు నవ్వలే.

వాళ్లది గుట్ట కింద చిన్న పల్లె. యాదలక్ష్మి ఇంట్ల కుండలన్నీ తోమి బోర్లించి, నీళ్ల గోలెం నిండ నింపి పెట్టింది. పిల్లగాడు తొట్టెల్ల పండుకున్నడు. వానికి తాత పేరు పెట్టుమని పాలోళ్లు పోరితే, గా పేరు ఎత్తినోని నాలుక కోస్తనన్నదట. అందుకే వాడింక ఉత్త చిన్నోడే. అవ్వ అనుడు కూడ రాలేదు వానికి.

"ఈ ఒక్కసారి చూస్త మామా" అన్నది నాతోని. "ఇగ తాగిండంటే పిల్లగాన్ని ఎత్తుకొని మా అవ్వగారింటికి పోత. మల్ల ఇటు మొకాన రాను."

నన్ను గుంజకు కట్టెయ్యి మామా అని ఎల్లేశం తనే పగ్గం తెచ్చిచ్చిండు. చేతులు ఎనకకు పెట్టి కట్టేసిన. యాదలక్ష్మి దీపం ముట్టించింది.

బయట సన్నగ వాన పడి ఆగింది. కప్పలు అరుస్తున్నయి. చీకటి గుట్ట మీదికెల్లి మెల్లగ దిగుతాంది. ముందుగాల పులిసిన కల్లు వాసనొచ్చింది. ఇంట్ల చుక్క లేదు. ఆ వాసన కింద ఇంకోటి... అప్పుడే తవ్విన మన్ను వాసన.

కప్పలు ఆగిపోయినయి.

వాకిట్ల తడి అడుగులు. తప్... తప్... గడప కాడికొచ్చి ఆగినయి. దగ్గు. ఆ దగ్గు నాకెరికే. గుంజకు కట్టిన ఎల్లేశం చేతులు లొట్టి వంపినట్టు వంగుతున్నయి. పగ్గం కిర్రుమంటాంది.

"బామ్మర్దీ..."

నేను పగ్గం ముడి గట్టిగ పట్టుకున్న.

"జర పొయ్యవా..."

దీపం ఎలుతురు గడప దాక పోతాంది. అక్కడ రెండు చేతులు. దోసిలి పట్టి ఉన్నయి. గోర్లల్ల మన్ను. చేతుల ఎనక మనిషి లేడు... ఉత్త చీకటి.

సాలు బావా, సాలు అన్న నేను. చేతులు కదలలే. నేను ఆ ఇంటి నెత్తురు కాదు గదా, నేనంటే చెల్లదు. నువ్వనురా అని ఎల్లేశం దిక్కు చూసిన. వాని దవడలు బిగుసుకపోయినయి. కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి గానీ నోరు తెరుచుకోలే.

అప్పుడు యాదలక్ష్మి లేచింది. భయపడి లేవలే. కొంగు నడుముకు చెక్కి, గోలెంల కుండ ముంచి, గడప కాడికి పోయింది.

"మా అత్తను తాగినవ్" అన్నది. "నా మొగన్ని తాగుతున్నవ్. ఇగ నీళ్లు తాగు."

వంపింది. నీళ్లు దోసిట్ల పడ్డయి. కింద పడ్డ చప్పుడు లేదు. కుండ ఉత్తగైంది. ఇంకో కుండ. ఇంకోటి. ఆమె తిట్టుకుంట పోస్తనే ఉన్నది, గడప పొడిగనే ఉన్నది. నీళ్లు పడుతున్నంత సేపు ఎల్లేశం చేతులు నిమ్మళంగ ఉంటయి. ఆగితే మల్ల వంగుతయి. గోలెం అడుగు కనపడ్డది. ఆఖరు కుండ. సన్నటి ధార... ఇంకా సన్నగ... చుక్కలు...

"సాలు."

గడప కాడ చేతులు లేవు. కప్పలు మల్ల అరిసినయి. ఎల్లేశం తల వాల్చి, చిన్న పోరని లెక్క ఎక్కి ఎక్కి ఏడ్చిండు.

నువ్వన్నవా మామా అని యాదలక్ష్మి అడిగింది. నేననలే. ఎల్లేశం కూడ తల అడ్డంగ ఊపిండు. ఆ మాట మా ఎనకకెల్లి వచ్చింది. లేత గొంతు. ముగ్గురం ఒక్కసారే తొట్టెల దిక్కు చూసినం. చిన్నోడు పండుకోలేదు. కండ్లు తెరిచి గడప దిక్కే చూస్తున్నడు.

ఎల్లేశం మల్ల ముట్టలే. ఆ మాట ఖుషీగ చెప్త, ఎన్నిసార్లయినా చెప్త. మొగడు పెండ్లాలు డ్యాము పనికి పోయిండ్రు, మంచిగ బతుకుతున్నరు. లింగస్వామి మాత్రం ఇప్పటికీ మండువల కూసుండి నవ్వుతనే ఉన్నడు. దయ్యాలు కూడ పట్టాల్సినోన్ని పట్టవు.

మొన్న ఎండకాలం పట్నం పోతూ నా హోటలు కాడ దిగిండ్రు. చిన్నోడు బల్లల నడుమ ఉరుకుతున్నడు. ఏపుగ ఎదిగిండు గానీ మాటలు రాలేదట. ఆ పొద్దటి ఒక్క మాట తప్ప మల్ల నోరిప్పలేదట. యాదలక్ష్మి బావి కాడ మొకం కడుక్కుంటాంది. వాడు నా ముందటికొచ్చి దోసిలి పట్టిండు. దూపైంది కావచ్చని చెంబుతోని నీళ్లు వంపిన.

వంపుతనే ఉన్న. చెంబు ఉత్తగైంది. ఇంకోటి ముంచి వంపిన. వాని గుటక కదలలేదు. కింద చుక్క పడలేదు.

సాలా బిడ్డా, అని అడిగిన.

వాడు తలెత్తి నన్ను చూసి నవ్విండు. దోసిలి దించలేదు.

"పొయ్యి బామ్మర్దీ" అన్నడు మెల్లగ.