మేస్త్రీ ఇంటి వంతు

తెల్లారి వాకిట్లో నీళ్ళు చల్లి, ముగ్గు వేసి, రమాదేవి మగ్గం గుంతలోకి దిగింది. ధర్మవరంలో ఆ వీధి ఇళ్ళన్నీ అప్పటికే చప్పుడు చేస్తున్నాయి. ఆమె మగ్గం మీద ఉన్నది సాదా పట్టుచీర. ఒళ్ళంతా ఒకటే రంగు, సన్నంచు. ఇంకో మూర నేస్తే మగ్గానికెక్కించిన నిలువు పోగుల వార్పు అయిపోతుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమె నేసినవన్నీ అలాంటి చీరలే.

వాకిలి పక్కన కూతురు పవిత్ర ల్యాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. హిందూపురంలో ఒక చిన్న కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం ఆ అమ్మాయికి. పొద్దున్నే రైలెక్కి పెనుకొండ మీదుగా పోయి, చీకటి పడ్డాక వస్తుంది. ఎండాకాలం నుంచి మాత్రం పని సొంత ఊళ్ళోనే పడింది. చేనేత సంఘంలో వార్పులు పంచే పద్ధతినంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ సంఘంలో పని పంచే మేస్త్రీ వాళ్ళ నాయన లక్ష్మీనారాయణే. ఏ మగ్గానికి ఏ డిజైను పోవాలి, ఎవరి వంతు ఎప్పుడు, ఇన్నేళ్ళూ ఆయన తలలోనే ఉండేది.

ఆ తలలోది బయటికి తీయడానికి పవిత్రకు చాలా సాయంత్రాలు పట్టింది. అన్నం తింటూ ఒక మాట, మంచం వాలుస్తూ ఒక మాట చెప్పేవాడాయన. బాలింత ఉన్న ఇంటికి బరువు పని ఇవ్వకూడదు. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళ వంతు ముందుకు జరపాలి. ఒళ్ళంతా జరీ బుటాలు, నిండు కొంగు ఉండే పెద్ద పని మాత్రం చేతనైనవాళ్ళ మధ్య వరసగా తిరగాలి. ఎవరికి ఏది చేతనవునో పవిత్ర ఇల్లిల్లూ తిరిగి అడిగింది. వాళ్ళమ్మనూ అడిగింది. పెద్ద పని వచ్చునని, పుట్టింట్లో నేసేదాన్నని రమాదేవి చెప్పింది.

"ఈ పొద్దు నుంచేనా పాపా, మీ కంప్యూటరు?" గుంతలోంచి అడిగింది రమాదేవి.

"ఈ పొద్దు నుంచే మా. కొత్త వార్పు తయారయిందని సంఘంలో ఎక్కిస్తే చాలు, ఎవురి వంతో అదే చెప్తాది."

"నా పేరు గూడా ఉండాదా అందులో?"

"ఉండక యాడికి పోతాది?"

రమాదేవి అడ్డపోగు నాడె విసరడం ఆపలేదు. "పెద్ద పని ఒక్కటన్నా నేయల్లని ఉంటాది పాపా. కండ్లు బాగున్నప్పుడే."

లక్ష్మీనారాయణ స్నానం చేసి వచ్చి, ఉగ్గాని ముందర పెట్టుకున్నాడు. సగం తిన్నాక ఫోను మోగింది. సంఘం నుంచి వచ్చిన సందేశం. మామిడి పిందెల బుటా, నిండు కొంగు, వంతు రమాదేవిది. ఆయన చదువుకుని, ఫోను బోర్లా పెట్టి, మిగతాది తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"పాపా, ఇది మార్చల్ల."

"యాల నాయనా?"

"ఆ వార్పు మన వీధి ఖాజాసాబ్ ఇంటికి పెట్టు. మనకు ఇంగో సాదాది ఏదన్నా రానీ."

పవిత్ర గొంతు తగ్గించింది. "వంతు ప్రకారమే వచ్చింది కదా. నువ్వు చెప్పిందే దాంట్లో పెట్టినా. తప్పేమన్నా ఉంటే చెప్పు, సరిచేస్తా."

"తప్పేం లేదులే. మన ఇల్లు వద్దు, అంతే."

"అంతే అంటే అది ఒప్పుకోదు నాయనా. మేస్త్రీ వంతు మార్చొచ్చు, కానీ కారణం చెప్పల్ల. ఆ కారణం నేసేవాళ్ళందరి ఫోన్లకూ పోతాది. అధ్యక్షుడు నాగేష్ అన్న ఎదురుగా నువ్వే కదా అన్నావు, చాటుమాటు ఉండగూడదని."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి మడిచి, మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. పవిత్ర తెర మీద కారణం రాసే గడి తెరిచింది.

"అమ్మకు చేతగాదని రాయమంటావా?"

లోపల మగ్గం ఆగింది.

"ఎవురన్నారు ఆ మాట?" లక్ష్మీనారాయణ గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. "మీయమ్మ మాదిరి చెయ్యి ఈ ఊర్లో నేను చూడలేదు."

"మరి ఏమని రాయల్ల?"

"నా పెండ్లాం కాబట్టి అని రాయి. నాకు ముందున్న మేస్త్రీ పెద్ద పనంతా తన వాళ్ళకే పంచుకుని, వీధి వీధంతా కొట్లాడుకునేట్ల చేసిపెట్టినాడు. ఒక ఇంటోళ్ళు ఇంగో ఇంటికి నీళ్ళకు గూడా పోకుండిరి. నేను ఆ పనిలో చేరినప్పుడే అనుకున్యా, మన ఇంటికి పెద్ద పని రాగూడదని. ఇప్పుడు కూతురు చేసిన కంప్యూటరు తల్లికే ఇచ్చిందంటే నవ్వరా?"

రమాదేవి గుంతలోంచి పైకొచ్చి గడప దగ్గర నిలబడింది. కొంగుకు పట్టుపోగులు అంటుకుని ఉన్నాయి.

"నువ్వు ఇయ్యంది అందుకా?" అంది.

ఆయన తలెత్తి చూశాడు.

"నేను నా చెయ్యి బాగలేదనుకుంటి," అంది ఆమె. కోపంగా అనలేదు. "సంఘంలో ఎవురి చీర తెచ్చినా అంచు మీద బొటనవేలు పెట్టి చూస్తావు. బాగుండాదంటావు, లేదంటే ఈడ పోగు లూజుందంటావు. నాది మటుకు విప్పను గూడా విప్పవు. మడత మడతే బీరువాలో పెట్టేస్తావు. అందరి ముందరా అట్ల చేస్తాంటే, చూసేదానికి గూడా పనికిరాదేమో అనుకుంటి."

"నీదాంట్లో చూసేదేముండాది? తప్పుంటే కదా?"

"ఆ మాట ఒక్కసారన్నా నాతో అన్నావా?"

వీధిలో పాలాయన సైకిలు బెల్లు కొట్టి, ఎవరూ రాకపోతే సాగిపోయాడు.

"నీ మంచిపేరు కోసమని నా చేతులు కట్టేసినావు," అంది రమాదేవి. "అడిగింటే నేనే వద్దందునేమో. అడగలేదే నువ్వు. పాప అడిగింది, చేతనవుతుందా మా అని. ఈ ఇంట్లో నన్ను ఆ మాట అడిగింది ఆ ఒక్కతే." కళ్ళు తుడుచుకుని మళ్ళీ గుంతలోకి దిగింది. కానీ మగ్గం ఆడలేదు.

పవిత్ర ల్యాప్‌టాప్ తండ్రి వైపు జరిపింది. "నువ్వు రాయమంటే రాస్తా నాయనా. అధికారం నీదే. అందరికీ ఉన్న వంతు ఒక్క అమ్మకే లేకుండా చేసే రూలు మటుకు నా చేత పెట్టించొద్దు."

ఆయన తెర మీద ఖాళీగా ఉన్న కారణం గడి వైపు చూశాడు. "మూసెయ్ పాపా," అన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మధ్యాహ్నం ఎండలో తెల్లగుడ్డ చుట్టిన వార్పు భుజాన పెట్టుకుని వీధిలోకొచ్చాడు లక్ష్మీనారాయణ. ఆయన వార్పు మోసుకుని రావడం ఎవరూ ఎరగరు. ఎవరిది వాళ్ళే సంఘానికొచ్చి తీసుకుపోతారు. తన ఇంటి గడపలో చిక్కుబడిన పోగులు తీస్తున్న ఖాజాసాబ్ లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా మేస్త్రీ, ఎవురింటికి?"

"మా ఇంటికే. పెద్ద పని. మా ఆడామె నేస్తాది." అని, ఆయన అడుగు ముందుకు వేయకుండా నిలబడ్డాడు. ఏం మాట వస్తే అది పడదామన్నట్టు.

"నేయనీ మరి," అన్నాడు ఖాజాసాబ్. "ఇన్నేండ్లూ మీ ఇంట్లో పెద్ద పని ఆడకపోతే, మీ ఇంటి కప్పు ఎత్తు తక్కువ, పైన డిజైను తీసే జాకార్డు పెట్టె పట్టదేమో అనుకుంటిమి. మా ఆడామె జమ్రూద్ అయితే, ఆయమ్మకు నడుము నొప్పేమో పాపం అంటాది."

"మీరు అనుకునింది అదేనా?"

"ఇంగేం అనుకుంటాం? మా పని మాకుండాది కదప్పా. ఇటు ఇయ్యి, ఒక చెయ్యి పడతా."

ఇద్దరూ మోసుకొచ్చి మగ్గం పక్కన దించారు. ఖాజాసాబ్ మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. రమాదేవి గుడ్డ విప్పి, వార్పు మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. లక్ష్మీనారాయణ గోడకానుకుని నిలబడ్డాడు.

"పాత పోగులకు కొత్తవి అతికేటప్పుడు నేనొక పక్క కూర్చుంటా," అన్నాడు.

"కూర్చో. మొదటి బుటా పడేటప్పుడు మటుకు నువ్వీడ ఉండొద్దు. నువ్వు చూస్తాంటే నాకు పోగు తప్పుతాది."

"సరే."

పోగులు అతకడం, జాకార్డు పెట్టె బిగించుకోవడం అయ్యి ఆమె మగ్గం మీద కూర్చున్న రోజు, ఆయన సంఘానికి ఆలస్యంగా పోయాడు. చెప్పినట్టే బయట కూర్చున్నాడు. లోపల తొక్కుడు చప్పుడు మెల్లగా మొదలై, ఆగి, మళ్ళీ సాగింది. తర్వాత ఆగలేదు. సంఘం పని అయిపోయి మళ్ళీ హిందూపురం రైలుకు పోతున్న పవిత్ర గడప దాటి, నాయన తువ్వాలుతో ముఖం తుడుచుకోవడం చూసి, పక్కన కూర్చుంది.

"రైలు పోతాది పాపా."

"ఇంగో రైలు ఉండాదిలే నాయనా."

లోపల్నుంచి రమాదేవి పిలిచింది. "ఏమయ్యా, ఇట్ల వచ్చి చూడు. వేలు పెట్టి చూడు."

ఆయన లేచి, చెప్పులు విడిచి, లోపలికి పోయాడు.