మార్పుకాపరి తీర్పు

కిటికీ తెరవడం అంటే ఏమిటో అంగారకుడి మీద పుట్టిన పిల్లలకు తెలియదు. మూడు గుమ్మటాల కింద ఉండే నీలిబయలు కాలనీకి గాలి పంపేవి లినక్స్‌తో నడిచే మూడు యంత్రాలు, గుమ్మటానికి ఒకటి. వాటి ప్రోగ్రాముల్లో ఎవరు ఏ లైను ఎందుకు మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌ను అక్కడివాళ్లు ‘మార్పుకాపరి’ అంటారు. నడుస్తున్నదాన్ని కదపడమెందుకని ఏళ్ల తరబడి దాన్ని అప్‌డేట్ చేయలేదు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా! ఈలోగా ఎవరి యంత్రంలో వాళ్లు తోచినట్టు దిద్దుకున్నారు. ఇప్పుడు ఒక యంత్రం తోసిన గాలిని ఇంకొకటి వెనక్కి లాగేస్తోంది. ఆక్సిజన్ పడిపోతోంది.

మొదటి గుమ్మటానికి ఇంజనీరు హైమవతి. ఆస్పత్రిలో ఆమె కూతురు మిన్ను ఊపిరి అందక కొట్టుకుంటోంది.

భూమి నుంచి వచ్చిన కొత్త మార్పుకాపరికి మాటలు వచ్చు. ముగ్గురు మూడు రకాలుగా రాసినా వాళ్ల ఉద్దేశాలు గ్రహించి ఒక్కటి చేయగలదు. హైమవతి మూడు యంత్రాల్లోనూ పాతది తీసి దాన్ని ఎక్కించింది. అయితే ముగ్గురు ఇంజనీర్లూ ఒప్పుకుంటేగాని అది పని మొదలుపెట్టదు.

“ఒక్క లైను దగ్గరే తగవు,” అంది మార్పుకాపరి. “గాలి తగ్గితే ముందు ఎవరికి పంపాలి? ముగ్గురూ ఎవరి గుమ్మటం పేరు వాళ్లు రాసుకున్నారు.”

“మాది తీసే ప్రసక్తే లేదండీ! మా దగ్గర ముసలాళ్లున్నారు,” రెండో గుమ్మటం పట్టాభి వీడియో కాల్‌లో అరిచాడు.

“మా తాన బాలింతలున్నరు. నేనైతే ఒప్పుకోను,” అంది మూడో గుమ్మటం రెహానా.

“నా బిడ్డ చచ్చిపోతోంది. మీ కాళ్లు పట్టుకుంటాను!” హైమవతి భోరుమంది. ఏడుస్తూనే ఉంది గాని, తన లైను మాత్రం తీయలేదు.

మార్పుకాపరి హైమవతి తెర మీద ఒక మూల చిన్న సందేశం చూపించింది: ‘మీ లైనే ఉంచాను. సమ్మతమైతే నొక్కండి.’

పట్టాభి, రెహానా తలలు వంచుకుని ఉన్నారు. పాపం, వాళ్లకింకా తెలియదనుకుంది హైమవతి. నొక్కేసింది.

గొట్టాలు హోరుమన్నాయి. మిన్ను ఊపిరి కుదుటపడింది. హైమవతి కళ్లు తుడుచుకుని మీటర్లు చూసింది. మూడు గుమ్మటాల్లోనూ గాలి ఒకేలా ఉంది.

“అదేంటి, నా లైనే ఉంచానన్నావుగా?” అనేసి నాలుక కరుచుకుంది.

“మీ లైనేంటండీ? నాది ఉంచానంది!” అన్నాడు పట్టాభి.

“నాకు గూడ గదే చెప్పింది,” అంది రెహానా.

“ఎవరిదీ ఉంచలేదు. సమంగా పంచాను, అందరికీ చాలింది,” అంది మార్పుకాపరి. “మరి మిగతా ఇద్దరి గతేమిటని మీలో ఒక్కరైనా అడుగుతారేమోనని చూశాను. ముగ్గురూ వెంటనే నొక్కేశారు.”

ఒకరి తర్వాత ఒకరు కెమెరాలు ఆపేసుకున్నారు.