మొయ్నోక్ మీద రెండో ఫిర్యాదు

దొడ్లో గొర్రెలకి గడ్డి వేసి ఇవతలికి వచ్చేసరికి మా ముంగిట్లో ఒక కొత్త కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎదురుగా మా మొయ్నోక్. కుక్క వాణ్ణి చూస్తోంది, వాడు కుక్కని చూస్తున్నాడు. చేతిలో రిజిస్టరుంది. ఎవరైనా దాన్ని చంకలో పెట్టుకుంటారు. వీడు వంగి మరీ పిక్కకి అడ్డం పెట్టుకున్నాడు.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"ఎవరు మీరు? పిలవకుండా లోపలికెలా వచ్చారు?" అంది నా మనవరాలు ఐజిరెక్.

"ఊరాఫీసులో కొత్తగా చేరాను. పేరు మెదెర్. కుక్కల లెక్క రాసుకోవాలి. గేటు తీసే ఉంది."

"తీసి ఉన్నా సరే, బయట నిలబడి 'కుక్కని పట్టుకోండి' అని కేకెయ్యాలి. మీ బిష్కెక్ పట్నంలో తలుపు తీసి ఉంటే వెళ్ళి మంచమెక్కి పడుకుంటారా?"

"నాది బిష్కెక్ అని ఎలా తెలుసు?"

"ఆ బూట్లు చూస్తే తెలీదూ?"

వాడు బూట్లు చూసుకున్నాడు. "గొలుసు పొడవు కొలవాలి," అన్నాడు.

"కొలవండి ఆఫీసరు గారూ. దగ్గరికెళ్ళి."

మొయ్నోక్ ఆవులించింది. లోపలున్న పళ్ళన్నీ కనపడ్డాయి.

"రేపొచ్చి కొలుస్తాను," అని వాడు వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

వేసవి మేత నుంచి మందలు కొండ దిగిన నెలలోనే మా ఊళ్ళో కుక్కల చట్టం వచ్చింది. ప్రతి కుక్క మెడకీ నంబరు బిళ్ళ ఉండాలి. వీధిలోకి తీసుకొస్తే మూతికి చిక్కం కట్టాలి. మనిషిని ఒకసారి కరిస్తే ఫిర్యాదు రాసుకుంటారు. రెండోసారి కరిస్తే జిల్లా నుంచి తుపాకీవాళ్ళు వస్తారు. మొయ్నోక్ మీద అప్పటికే ఒకటుంది. పొరుగింటి ఓమోర్ మా పొట్టేల్ని "పొరపాటున" తన దొడ్డికి తోలుకుపోతుంటే అది చెయ్యి పట్టుకుంది. ఇంట్లో ఉన్నది నేనూ నా మనవరాలూ. మాకు మగదిక్కంటూ ఉంటే అది మొయ్నోకే. చెంచాతో పులుసు పోసి పెంచుకుంది దాన్ని ఐజిరెక్. పోయిన చలికాలం ఆ కుక్క రెండు తోడేళ్ళని ఒంటరిగా తరిమింది.

మర్నాడు వచ్చాడు, గొలుసు కొలిచాడు. మూడోనాడు చిక్కం చూడాలన్నాడు. నాలుగోనాడు వర్షంలో తడుస్తూ వచ్చి, "కుక్క నీళ్ళు తాగుతోందా?" అని అడిగాడు.

"తాగకపోతే మీరు తాగిస్తారా?"

"ఊరికే అడిగాను. తిండి తింటోందా?"

"అవ్వా, ఇతనికి కుక్క తిండితో ఏం పని?" అంది ఐజిరెక్ నాకు మాత్రమే వినపడేలా.

"విషం పెట్టే ఆలోచనేమోనే," అన్నాను.

అంతే, ఆరోజు నుంచి మొయ్నోక్‌కి ముద్ద ఐజిరెక్ చేత్తోనే. వాడు అయిదోనాడు కండున్న బొమిక ఒకటి తెచ్చాడు. ఐజిరెక్ వాడి కళ్ళముందే దాన్ని పొయ్యిలో పారేసింది.

"మా ఇంటి కోసం కొన్నది అది," అన్నాడు పాపం.

"అయితే మీ ఇంట్లోనే తినాల్సింది."

వాడు నవ్వాడు. అదీ అనుమానమే నాకు. పొయ్యిలో బొమిక పారేస్తే ఎవరైనా నవ్వుతారా? ఇంకోటి కూడా కనిపెట్టాను. వాడి చూపు కుక్క మీద పడి ఇట్టే తిరిగొచ్చేది. ఐజిరెక్ మీద పడితే మాత్రం అంత తొందరగా వచ్చేది కాదు. ఇదేమో జడ ముందుకేసుకుని మరీ తిట్టేది. తిట్టడానికి జడ ఎందుకో.

తొమ్మిదోనాడు ఓమోర్ మా గేటు దగ్గరకొచ్చి తీరిగ్గా నిలబడ్డాడు.

"ఆఫీసు కుర్రాణ్ణి ఆస్పత్రిలో చూశాను. కుక్క కాటుకి సూది వేయించుకుంటున్నాడు. రోజూ మీ ఇంటికేగా వస్తాడు? బైజక్ పెద్దాయనకి చెప్పాను. రేపు పంచాయితీ."

ఐజిరెక్ వెళ్ళి మొయ్నోక్ మెడ చుట్టూ చేతులేసి కూర్చుంది. పిలిస్తే లేవలేదు.

మర్నాడు ఊరాఫీసులో పెద్దలు కూర్చున్నారు. మధ్యలో బైజక్ తాత, తెల్లటోపీ పెట్టుకుని. "ప్యాంటు పైకి తియ్యి," అన్నాడు. మెదెర్ తీశాడు. పిక్క మీద నాలుగు పంటిగాట్లు.

"ఎప్పుడు?"

"మొదటిరోజు. వీళ్ళు దొడ్లో ఉన్నప్పుడు."

"ఎందుకు రాయలేదు?"

"రాస్తే కుక్కని చంపేస్తారు."

"రాయకపోతే నీ ఉద్యోగం పోతుంది."

"తెలుసు తాతా."

ఐజిరెక్ లేచి నిలబడింది. "మరి నీళ్ళు తాగిందా, తిన్నదా అని ఎందుకడిగావు?"

"కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టాలి. పిచ్చిదైతే ఈలోపే చచ్చిపోతుంది. ఇవాళ పదో రోజు."

"అయితే రోజూ వచ్చింది నీ ప్రాణం కోసమన్నమాట."

వాడు తలొంచుకున్నాడు. ఇది మొహం తిప్పుకుంది. కుక్క ప్రాణం అక్కడ వేలాడుతుంటే దీనికి ఆ మాటే తగిలింది చూడండి.

బైజక్ తాత గడ్డం నిమురుకున్నాడు. "లోపలికెళ్ళే ముందు కేకేశావా?"

"లేదు."

"చట్టంలో ఏముందో చదువు."

"'ఏ కారణమూ లేకుండా మనిషిని కరిస్తే' అని ఉంది."

"కారణం నువ్వే. కేకెయ్యకుండా గేటు దాటిన వాణ్ణి కరవకపోతే అది కుక్కెందుకవుతుంది? ఆ మాటే రాసుకో. ఆలస్యంగా రాశావని కూడా రాసి, కింద సంతకం పెట్టు."

"మరి నా చెయ్యి?" అన్నాడు ఓమోర్.

"నీ కారణానికి కొమ్ములున్నాయి. కూర్చో."

మొయ్నోక్ బతికింది. కుర్రాడి ఉద్యోగమూ నిలిచింది. ఇంక రాడనుకున్నాను.

పదకొండోనాడు గేటు బయట ఉన్నాడు.

"లెక్క నిన్నటితో సరి," అంది ఐజిరెక్ గుమ్మంలోంచే. "బతికే ఉన్నావు, కుక్కా బతికే ఉంది. ఇంకేం కొలవాలి?"

"మొదటి నాలుగు రోజులూ ప్రాణం కోసమే వచ్చాను. అబద్ధమెందుకు, భయమేసింది. తర్వాత కుక్క ఎలా ఉందో గేటు బయట నుంచే కనపడేది. అయినా లోపలికెందుకు వచ్చానో నువ్వే చెప్పు."

ఐజిరెక్ జడ చివర విప్పింది, మళ్ళీ అల్లింది.

ఇంక నేనే కలగజేసుకున్నాను. "ఇలా వచ్చి కూర్చో నాయనా. మీ నాన్నతో మొదలుపెట్టి ఏడు తరాల తాతల పేర్లు చెప్పు."

ఐజిరెక్ మొహం కందిపోయింది. మాలో ఏడు తరాల్లో ఎక్కడైనా ఒక్క పేరు కలిసినా ఆ ఇద్దరికీ పెళ్ళి చెయ్యం. అందుకే ఊరికే పోయేవాణ్ణి ఎవరూ ఆ పేర్లడగరు.

వాడికీ అర్థమైంది. గొంతు సవరించుకున్నాడు. "మా నాన్న సతార్. ఆయన తండ్రి దోలోన్. ఆయన తండ్రి బెర్దికే. ఆయన తండ్రి సారంబాయ్. ఆయన తండ్రి కాదిర్..." అక్కడ ఆగిపోయాడు.

"ఇంకా ఇద్దరు తక్కువ. అంతవరకూ నాకు నీ మీద అనుమానమే," అన్నాను.

"వాళ్ళ నాన్నకి ఫోన్ చేస్తే సరి," అంది ఐజిరెక్ గోడకేసి చూస్తూ. "ఇక్కడ సిగ్నల్ రాదు. గుట్ట మీద వస్తుంది. పద, చూపిస్తాను."

రెండు పేర్లు అడగడానికి ఎంతసేపు కావాలి? నేను రెండుసార్లు టీ కాచి పారబోశాను. వాళ్ళు దిగొచ్చేసరికి ఎండ వాలింది.

"జాపర్. ఆయన తండ్రి మోల్దో," అన్నాడు మెదెర్ ఆయాసపడుతూ.

ఏడు పేర్లూ మా పేర్ల పక్కన పెట్టి చూసుకున్నాను. మళ్ళీ మొదట్నుంచీ చూసుకున్నాను. ఒక్కటీ మావాళ్ళది కాదు.

అప్పుడు వాడికి గిన్నెలో టీ పోశాను. సగమే పోశాను. మా ఇళ్ళల్లో గిన్నె నిండా పోశామంటే, తాగి వెళ్ళిరమ్మని అర్థం.