తెంపని నరం

రండమ్మా, రండి. ఇంకా దగ్గరికి జరగండి. ఆ స్తంభాల అవతల కూర్చున్నవాళ్ళు కూడా ఇటొచ్చేయండి, వంశధార మీంచి చలిగాలి కొడుతోంది. హారతి అయింది. ప్రసాదం అందరికీ అందింది. ముఖలింగేశ్వరుడు మనవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఎదుట అబద్ధమాడే నోరు కాదు నాది. కళ్ళారా చూసిందే చెప్తాను.

ఒక్క షరతు. మామూలుగా మీరు ఊ కొట్టకపోతే నాకు కథ సాగదు. మీ ఊ యే నాకు ఊపిరి. కానీ ఈ కథకి మాత్రం ఊ కొట్టకండి. తలలూపండి, చాలు. ఎందుకో మీకే తెలుస్తుంది.

నౌపడలో నరసింగరావు గారని ఉన్నారు. ఉప్పు కొఠార్ల ఆసామి. స్టేషను దిగి నాలుగడుగులేస్తే తెల్లగా ఉప్పు కుప్పలు, ఆ కుప్పల నడుమ ఆయన మేడ. ఆయన భార్య సుభద్రమ్మ మన ఊరి పిల్లే. ఈ గుడి మెట్ల మీదే ఇద్దరం గవ్వలాడుకున్నాం. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది. ఎవరు కథ చెప్పినా ముందు వరసలో కూర్చుని ఊ కొట్టేది. కథకులు దాన్ని వెతుక్కుని మరీ ముందు కూర్చోబెట్టుకునేవారు. అంత ఇంపుగా ఉండేది దాని ఊ.

నరసింగరావు గారికి ఒక పిచ్చి ఉంది. పేరుమోసినవాళ్ళ వాయిద్యాలు తన సొంతం కావాలి. మేడ మీద ఒక ఏసీ గది, దాని నిండా అద్దాల బీరువాలు. ఒక మహా విద్వాంసుడి వయొలిన్, ఆయన గుండెకి ఆనించుకున్నచోట చెమటకి నల్లబడింది. పద్యనాటకాల హార్మోనియం, దాని మెట్ల మీద వేళ్ళ గుంటలు. సినిమా పాటలకి వాయించినాయన క్లారినెట్, దాని మూతి మీద పళ్ళగాట్లు. ఒక గాయనమ్మ మైకు, దాని జాలీకి ఇంకా ఆవిడ లిప్‌స్టిక్ ఎరుపు. ఒక్కటీ తుడవనిచ్చేవాడు కాదు. వాయించనిచ్చేవాడు అసలే కాదు. బీరువాల ముందు కుర్చీ వేసుకుని, ఆ మరకలు చూస్తూ కాఫీ తాగేవాడు.

"ఏటమ్మా," అనేవాడు నాతో నవ్వుతూ, "వాయించినోడు పోతాడు. వాయిద్యం నా కాడుంటాది. ఆఖరికి ఎవుడు గొప్ప?"

పేరున్న కళాకారుడెవరైనా మంచం పట్టాడని తెలిస్తే చాలు, బత్తాయిల సంచీతో దిగేవాడు. ఆ సంచీ చూస్తే ఇంట్లోవాళ్ళ గుండె జారిపోయేది. "యముడు దున్నపోతు మానేసి కారు కొన్నాడురా" అని వీధిలోవాళ్ళు గొణుక్కునేవారు.

ఇప్పుడు కొండబాబు సంగతి. జముకు కొండబాబు అంటే మీలో పెద్దవాళ్ళకి తెలుసు. ఢిల్లీలో శాలువా కప్పించుకుని వచ్చిన మనిషి. జముకు చూడని పిల్లలుంటారు, వాళ్ళకి చెప్తాను. చిన్న పీపా లాంటిది. ఒక మూతికి తోలు బిగిస్తారు. తోలు నడుమ నుంచి తీగలా ఒక నరం వస్తుంది. పీపాని చంకలో ఇరికించుకుని, నరాన్ని ఎడం చేత్తో లాగిపట్టి, కుడిచేతిలో పుల్లతో మీటుతారు. లాగినకొద్దీ గొంతు హెచ్చుతుంది. కొండబాబు లాగితే అది అచ్చం మనిషిలా ఏడ్చేది.

ఆయన చెప్పే కథల్లో గట్టమ్మ కథకి జనం విరగబడేవారు. సముద్రం పొంగి ఉప్పు మడుల గట్టు తెగిపోతూ ఉంటుంది. ఎన్నిసార్లు కట్టినా నిలవదు. ఆ ఊరి భూస్వామి, బుగత, తన చిన్న కోడల్ని గండిలో నిలబెట్టి, "పూజ ఉన్నాది, కదలకమ్మా" అంటాడు. గంపలతో మన్ను పోయిస్తాడు. మోకాళ్ళ దాకా వస్తే ఆ చిన్నపిల్ల, ఆ గుంట, ఆటనుకుని నవ్వుతుంది. నడుము దాకా వస్తే "మావా, ఇంక సాలదా?" అంటుంది. గుండె దాకా వస్తే దాహమంటుంది. మెడ దాకా వచ్చాక కథకుడు నరం బిగలాగి, ఆగి, మంగళం ఎత్తుకుంటాడు. మంగళం పాడితే ఆ గుంట అమ్మవారవుతుంది. పాడకపోతే... మట్టిలోనే ఉండిపోతుంది.

ఆ మెడ దగ్గరే, గజపతినగరం జాతరలో, నరం బిగలాగిన చెయ్యి లాగినట్టే ఉండగా కొండబాబు కూలిపోయాడు. మంగళం పాడలేదు.

జముకులవాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కథ మధ్యలో కథకుడు పోతే, శవం గుమ్మం దాటేలోపు నరం తెంపాలి. భార్యే తెంపాలి. తెంపితే కథ అక్కడితో చచ్చిపోతుంది. లేకపోతే అది బతికే ఉంటుంది, ఊ అనేవాళ్ళ కోసం చూస్తూ.

శవాన్ని ఇంటికి తెచ్చాక కడసారి చూపుకి నేనూ వెళ్ళాను; కొండబాబు భార్య లక్ష్మణమ్మ కత్తి పట్టుకుని జముకు మీదికి వంగింది. అప్పుడే కారు ఆగింది. నరసింగరావు గారు ఆవిడ మణికట్టు పట్టుకున్నారు.

"నరం తెంపితే అది ఉత్త పీపా అయిపోతాదమ్మా. ఆయన ఆఖరిసారి లాగిన నరం అది. దాని బిగువు కూడా అలాగే ఉండాల. నీ ఇంటికి స్లాబు ఏయిస్తాను. అల్లుడికి కొఠారులో పని."

అల్లుడు అత్తగారి మొహం చూశాడు. వాన కారే పెంకుటింట్లో పిల్లల్ని పెంచుతున్నవాడు, ఏమంటాడు? లక్ష్మణమ్మ చేతిలోంచి కత్తి తీసేసుకున్నాడు.

ఆవిడ ఏడవలేదు. ఒక్క మాటంది. "పట్టుకుపో బాబూ. కానీ మీ ఇంట్లో ఎవులూ దానికి ఊ అనకండి."

నరసింగరావు గారు మాట తప్పే మనిషి కాదు. స్లాబు వేయించారు. ఆ మాట మాత్రం ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పలేదు. ఆడవాళ్ళు భయపడతారని కాదు. అసలు గుర్తే లేదు ఆయనకి. ఆయనే చెప్తారనుకుని నేనూ ఊరుకున్నాను.

...ఎవరమ్మా అది? ఊ అనొద్దన్నానుగా. అలవాటు కదూ? సరే, సరే. తలూపండి.

కిందటి కార్తీకంలో సుభద్ర ఫోన్ చేసింది. "అక్కా, ఓపాలి వచ్చి భజన సెయ్యవా? ఇంట్లో ఏటో బరువుగా ఉన్నాది." గొంతు బొంగురుపోయి ఉంది. సోమవారం నాడు రైలెక్కాను. నౌపడలో దిగేసరికి తుపాను వాన. మధ్యాహ్నమే ఆకాశం నల్లగా కిందికి దిగిపోయింది. కరెంటు లేదు. ఉప్పు కుప్పల మీద కప్పిన తాటాకులు ఎగిరెగిరి పడుతున్నాయి. గాలంతా తడి మన్ను వాసన.

హాల్లో సుభద్ర కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. ఎప్పుడూ గుమ్మంలోకే ఎదురొచ్చే మనిషి.

"కాళ్ళు మొద్దుబారిపోనాయక్కా."

వంగి దాని పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. మామూలు చల్లదనం కాదు. తడిమట్టిలో పాతేసిన కుండని పట్టుకున్నట్టు. చీర కుచ్చిళ్ళు పొడిగానే ఉన్నాయి. కానీ వాసన... అదే. బయటి వాసనే. ఇంకా గట్టిగా.

"డాక్టరేమన్నాడే?"

"నరాల బలహీనతన్నాడు." నవ్వింది. "అక్కా, నీకు ఇనబడతన్నాదా? కొండబాబు మావ కథ సెప్తన్నాడు."

అప్పుడు విన్నాను. మేడ మీంచి.

జుం...

జుం... జుం...

వానాకాలంలో తోలు నీరసిస్తుందమ్మా. జముకు మూగబోతుంది. నిప్పుల సెగ చూపించనిదే పలకదు. కానీ ఆ పలుకు ఎండాకాలపు పలుకు. బిగువుగా, ఖణఖణలాడుతూ.

"ఊఁ," అంది సుభద్ర.

దాని భుజం పట్టి కుదిపాను. "ఎందుకే ఊ అంటున్నావు?"

"మొదటిరోజు ఆయనే గదిలో సరదాకి మీటతన్నారనుకున్నాను. అలవాటు కదా, ఊ అన్నాను. అప్పట్నించి మాటలు కూడా ఇనబడతన్నాయి. నీకు ఇనబడవేటి? ఊ అంటే గానీ ఇనబడవు కామోసు." దాని కళ్ళు మేడ మెట్ల వైపే ఉన్నాయి. "నడుము దాకా వచ్చిందక్కా. ఆ గుంట మావనడుగుతంది, ఇంక సాలదా అని. ఊఁ."

దాని నడుము మీద చెయ్యి వేశాను. రాయి.

శివశివా అనుకుంటూ వంటింట్లోకి పరిగెత్తి, కూరలు తరిగే చాకు పట్టుకొచ్చాను. అప్పటికే నరసింగరావు గారు మెట్లెక్కుతున్నారు. ఆయన మొహంలో భయం లేదమ్మా. పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది. మొలలోంచి తాళంచెవి తీసి గది తెరిచారు. వెనకే నేనూ దూరాను.

అద్దాల బీరువాలో జముకు. మీటే పుల్ల పక్కనే పడి ఉంది, కదలడం లేదు. నరం మాత్రం... కనబడని చెయ్యేదో లాగుతున్నట్టు బిగుస్తోంది. సన్నగా వణుకుతోంది. ఇంకా బిగుస్తోంది.

జుం... జుమ్మ్...

కింద నుంచి సుభద్ర గొంతు. "అక్కా... దాహం."

"తెంపండి బాబూ!" అన్నాను. "లక్ష్మణమ్మ చెప్పింది కదా! తెంపండి!"

ఆయన నా చేతిలో చాకు చూసి బీరువాకి అడ్డం నిలబడ్డారు. ఒక చేత్తో ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కారు.

"సెయ్యెయ్యకు. సచ్చిపోయినోడి ఆఖరి ముక్క ఇది. ఈ లోకంలో ఎవుడి కాడా నేదు. నా ఒక్కడి కాడే ఉంటాది."

"కింద మీ భార్య..."

"సుభద్రకేటీ అవదు. డాక్టరు నరాలన్నాడు."

తోసుకుంటూ ముందుకెళ్ళాను. నెట్టేశారు. గోడకి తగిలి పడ్డాను. చాకు ఎక్కడో జారిపోయింది. అంతలో నరం వదులైంది. జముకు ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద సుభద్ర ఊ అనడం మానేసింది.

అయిపోయింది, గండం గడిచింది అనుకున్నాను. స్వామికి దండం కూడా పెట్టుకున్నాను.

నరసింగరావు గారు గది గుమ్మంలోకొచ్చి, మెట్ల మీదికి వంగారు.

"సుభద్రా! ఆగిపోయిందే. ఊ అను!"

"అనలేనండి..." సన్నగా. "గుండె మీద బరువుగా ఉన్నాది."

"ఒక్కపాలి అనే. మెడ దాకా వచ్చిందా?"

"...వచ్చిందండి."

"మంగళం ఒక్కటే మిగిలింది. నా మాట మీద అను. నా సుభద్రవి కదూ!"

ముద్దుగా అడిగాడమ్మా. ఆ ఇంట్లో దానితో అంత ముద్దుగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. సుభద్ర కూడా వినలేదు కాబోలు. చిన్నప్పుడు ఎవరు కథ చెప్పినా కాదనలేని పిల్ల. మొగుడడిగితే కాదంటుందా?

"ఊఁ..."

నరం ఒక్కసారిగా బిగిసింది. బీరువా అద్దాలన్నీ గలగలలాడాయి. వయొలిన్, క్లారినెట్, ఆ మైకు, అన్నీ ఒకే శ్రుతిలో జుమ్మన్నాయి. ఆపై నిశ్శబ్దం. మంగళం కోసం ఆయన ఫోన్ పైకెత్తి పట్టుకున్నారు.

మంగళం రాలేదు.

పరుగున మెట్లు దిగాను. సుభద్ర కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల కొంచెం పక్కకి వాల్చి ఉంది, కథ వినేటప్పుడు వాల్చినట్టే. పెదవుల మీద బూడిదరంగు తడి. నోరు తెరిచి వేలు పెట్టాను.

మన్ను. ఉప్పు మన్ను.

తీశాను. ఇంకా ఉంది. మళ్ళీ తీశాను. ఇంకా... తీసినకొద్దీ...

నరసింగరావు గారు మెట్ల మీద నిలబడి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వింటున్నారు. "జముకు పడనేదే," అన్నారు విసుగ్గా. "ఇదొక్కతే పడ్డాది."

ఆ ఫోన్‌లో ఇప్పటికీ ఒక్క సుభద్ర గొంతే ఉంది. ఊఁ... ఊఁ... ఊఁ... ఆయన రికార్డింగ్ ఆపిన చోట కూడా ఆగదు. చార్జింగ్ ఉన్నంతసేపూ వస్తూనే ఉంటుందిట. ఆ ఫోన్‌ని కూడా అద్దాల బీరువాలో పెట్టారు. ఇత్తడి పలక మీద కొండబాబు పేరు చెక్కించారు. సుభద్ర పేరు కాదు. చూడ్డానికొచ్చినవాళ్ళకి బత్తాయి రసం ఇస్తారు. ఆయనకేమీ కాలేదమ్మా. బాగానే ఉన్నారు. ఎందుకు కాలేదని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను, ఇక్కడే కూర్చుని, రోజూ. స్వామి నాకింకా జవాబు చెప్పలేదు.

నరం ఇంకా తెగలేదు. మంగళం ఇంకా పడలేదు.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. కథ మధ్యలో కథకుడు పోతే నరం తెంపాలి. ఎంత గొప్పవాడిదైనా, ఎవరొచ్చి ఏ ఆశ పెట్టినా సరే. ఇది గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి, పక్క ఊళ్ళో చెప్పండి. ఏదీ, నాతోబాటు ఓసారి అనండి: నరం తెంపాలి.

ఆఁ. మళ్ళీ. నరం తెంపాలి.

చల్లగా ఉండండి తల్లీ. ఇంక లేవండి. చెప్పులు చూసుకుని...

ఆగండి.

మీరంతా తలలే ఊపారు. చూస్తూనే ఉన్నాను, కథ చెప్తున్నంతసేపూ ఒక్క నోరూ కదల్లేదు. మరి ఇందాకట్నించీ, ఆ స్తంభం అవతల నుంచి, నా ప్రతి మాటకీ అంత ఇంపుగా ఊ అంటున్నది ఎవరమ్మా?