ఆరు కాగితాలు, ఒక తాబేలు

సీక్రెట్ మెసేజ్‌ని చదివిన వెంటనే తినెయ్యాలన్నది బ్యూరో రూలు. ఆ రూలు రాసిన మహానుభావుడికి షుగరు జబ్బు లేదు. ఏజెంట్ యెహెజ్కేలుకి ఉంది.

ఆత్రేయపురంలో ఒక మిఠాయి కొట్టు వెనక గదిలో కూర్చుని, పూతరేకు మడత విప్పి, లోపలి పొర మీది అక్షరాలు చదివి నిట్టూర్చాడు. మండపేట. ఎలిమెంటరీ స్కూలు. కంప్యూటర్ మాస్టారు. కవర్ నేమ్ శాంతికుమార్.

"ఇదేంటండీ? నాకు యాభై నాలుగొచ్చాయి. మోకాళ్ళు మూలుగుతున్నాయి. ఇప్పుడు చంటిపిల్లలకి కంప్యూటర్ నేర్పమంటారా?" అన్నాడు ఎదురుగా ఉన్న చీఫ్ సాంబశివరాజు గారితో.

"వినవయ్యా బాబూ," అన్నారు చీఫ్. "ఆ బడికి ఒక విదేశీ ఫౌండేషన్ ఆరు కంప్యూటర్లు దానం చేసింది. ఆ ఫౌండేషన్ ముసుగు. వెనక ఉన్నది స్పై రింగ్. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న మన ఏజెంట్లు ఆరుగురి అసలు పేర్లు వాళ్ళకి దొరికాయి. ఫోన్లు, ఫ్యాక్సులు, పోస్టు అన్నీ మన నిఘాలో ఉన్నాయి కాబట్టి ఇంకా బయటికి పంపలేకపోయారు. పంపిన రోజు ఆరుగురికీ ఉరే."

"దుర్గాసాయి?"

"ఆ ఆరుగురిలో ఉన్నాడు."

దుర్గాసాయికి పని నేర్పింది యెహెజ్కేలే. భీమవరంలో అతని పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి వచ్చింది తనే. పూతరేకు మొత్తం తినేశాడు.

"లోపల మన మనిషి ఒకావిడ ఉంది," అన్నారు చీఫ్. "గీతిక. ఫౌండేషన్ ట్రైనర్. 'తాబేలుకి దాహంగా ఉందా' అని అడుగుతుంది. 'గోదావరి దగ్గరే కదా' అని జవాబు చెప్పు."

మూడు నెలలు గడిచాయి. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో తుపాకీ గుండు తగిలించుకున్నాడు, పడవ కింద దాక్కుని కాలవ దాటాడు. కానీ మూడో తరగతి బి సెక్షను అంత అలసట ఏదీ తెప్పించలేదు. "మాస్టారండీ, వీడు నా మౌస్ లాక్కున్నాడండి." "మాస్టారండీ, నా తాబేలు కనపట్టం లేదండి." సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది.

తాబేలంటే లోగో అనే ప్రోగ్రాంలో తెర మీద తిరిగే బుల్లి గుర్తు. FD 50 అని కొడితే గీత గీస్తూ యాభై అడుగులు ముందుకు పోతుంది. RT 90 అంటే కుడికి తొంభై డిగ్రీలు తిరుగుతుంది. పిల్లలకి అర్థం కాకపోతే యెహెజ్కేలు వాళ్ళని బడి ఆవరణలో నడిపించేవాడు. "తప్పొస్తే మిషన్ని తిట్టకండర్రా. మీరే తాబేలై ఒక్కో అడుగూ వేసి చూడండి. తప్పెక్కడుందో కాలికి తగుల్తుంది." కవర్ కోసం మొదలెట్టిన పాఠం ఎప్పుడు నిజం పాఠమైపోయిందో అతనికే తెలీదు.

గీతిక వారానికోసారి వచ్చేది. నల్ల కళ్ళద్దాలు, హైహీల్స్, గేటు దగ్గరినుంచే తెలిసే సెంటు. ఆవిడ కారు దిగితే ఎదురుగా రైసుమిల్లు కూలీలు బస్తాలు దించడం మానేసేవారు. కోడ్ వర్డ్ సరిగ్గానే చెప్పింది. యెహెజ్కేలు నమ్మాడు.

2002 మార్చి. ఒంటిపూట బళ్ళు. ఆ రోజు గీతిక అతని చెవిలో చెప్పింది: "పదకొండున్నరకి బస్టాండ్‌లో కొరియర్. చేతిలో ఎర్ర ఫ్లాస్కు. పేర్లు అందులోనే. ఇక్కడి ప్రోగ్రాం నేను చూసుకుంటాను, మీరు బయల్దేరండి."

ప్రోగ్రాం అంటే ఆన్‌లైన్ ఫ్రెండ్‌షిప్ డే. ఫౌండేషన్ ఇచ్చిన ఆరు కాగితాల్లోని లోగో ప్రోగ్రాములు పిల్లలు టైప్ చేస్తారు. పన్నెండింటికి అవన్నీ విదేశంలో ఉన్న సిస్టర్ స్కూలుకి ఈ-మెయిల్‌లో పోతాయి.

బస్టాండ్‌లో ఎండ మాడుతోంది. ఎర్ర ఫ్లాస్కు జాడ లేదు. పావుతక్కువ పన్నెండయింది. విసుగెత్తి, జేబులో మడతపెట్టుకున్న కాగితం తీశాడు. గీతిక నమూనాగా ఇచ్చినది. FD 68 RT 85 FD 82 RT 71 FD 65... అలవాటుకొద్దీ మనసులోనే తాబేలుని నడిపించాడు. అటు పోయింది, ఇటు తూలింది, ఎక్కడా కుదురు లేదు. ఇది తాబేలా, కల్లుపాకలోంచి బయటపడ్డ మనిషా అనుకున్నాడు.

అప్పుడు తట్టింది. ఏ నంబరూ అరవై అయిదుకి తగ్గలేదు, తొంభైకి మించలేదు. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది. A అరవై అయిదు. Z తొంభై. అరవై ఎనిమిది D. ఎనభై అయిదు U. తర్వాత R. G. A.

దుర్గా.

"నా బుద్ధి గడ్డి తిన్నాది!" అంటూ ఆటో ఎక్కాడు. కొరియరూ లేదు, ఫ్లాస్కూ లేదు. నిఘా వాళ్ళు పిల్లల బొమ్మల జోలికి ఎందుకు పోతారు? గీతిక మన మనిషి కాదు, వాళ్ళ మనిషి. ఆరు పేర్లనీ చంటిపిల్లల చేతే టైప్ చేయిస్తోంది మహాతల్లి.

బడి చేరేసరికి పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలుంది. కంప్యూటర్ గది గుమ్మం దగ్గర హెడ్మిస్ట్రెస్ మాణిక్యాంబ గారు అడ్డం నిలబడ్డారు.

"బూట్లు, మాస్టారూ!"

"మేడమ్, అర్జెంటండీ!"

"ఎంత అర్జెంటైనా దుమ్ముతో మిషన్లు పాడైపోవూ? కలెక్టరు గారంతటి వారే విప్పి వెళ్ళారు."

లేసులు ముడిపడ్డాయి. బ్యూరో ఇచ్చిన బూటు అది. మడమలో వైర్లు కోసే బ్లేడు ఉంది. ఆ బ్లేడుతో సహా గుమ్మం బయటే వదిలేసి లోపలికి ఉరికాడు.

గీతిక మెయిన్ కంప్యూటర్ ముందు నవ్వుతూ నిలబడింది. మోడెమ్ కీచుమంటోంది. తెర మీద వరసగా మెయిల్స్ పోతున్నాయి. ఒకటి. రెండు. మూడు.

"ఎండన పడి వచ్చారు, కూర్చోండి మాస్టారూ," అంది నెమ్మదిగా. "ఆలస్యమైపోయింది."

నాలుగు. అయిదు.

జేబులోది ఆరో కాగితం, అంటే మిగిలింది దుర్గాసాయి పేరు. యెహెజ్కేలు టెలిఫోన్ వైరు పట్టుకుని లాగాడు. లైన్‌మన్ గోడకి మేకులు దట్టంగా కొట్టాడు, ఊడి రాలేదు. వంగి వైరుని పళ్ళతో కొరికాడు. నాలుక జివ్వుమంది. ముందు పన్ను సగం విరిగింది. వైరు తెగింది. తెర మీద ఆరో మెయిల్ ఆగిపోయింది.

"ఒక్కణ్ణి కాపాడుకున్నారు," అంది గీతిక. "మిగతా అయిదుగురి పేర్లూ చేరిపోయాయి."

యెహెజ్కేలు పిల్లల బెంచీ మీద కూలబడ్డాడు. అయిదుగురు. అయిదు ఇళ్ళు. ఇరవై ఏడేళ్ళు చేసిన ఉద్యోగం ఒక్కసారిగా మీద పడినట్టయింది. ఏడుపొచ్చింది. పిల్లల ఎదుట ఏడవకూడదని మొహం తిప్పుకున్నాడు.

చొక్కా ఎవరో లాగారు. హారతి. ఎనిమిదేళ్ళ పిల్ల, రెండు జడలు.

"మాస్టారండీ, తిట్టనంటే ఒకటి చెప్తానండి."

"చెప్పమ్మా."

"మేడమ్ గారి కాగితాల్లో అన్నీ తప్పులేనండి. ఎంత నడిచినా గీత మొదలెట్టిన చోటికి రావట్లేదండి. కలవని ముగ్గు వాకిట్లో ఉంచకూడదని మా మామ్మ చెప్తదండి. అరిష్టమంట. వేరే దేశం వాళ్ళ బడికి అరిష్టం పంపిస్తే ఏం బాగుంటదండి? అందుకని నంబర్లు మార్చేశామండి."

"ఏ నంబర్లు?"

"అన్నీనండి. ముందు మేం నడిచి చూసి, తర్వాత కొట్టామండి. మేడమ్ గారు అప్పుడు ఫోను లైనుతో కుస్తీ పడుతున్నారండి."

"అయిదు మిషన్లలోనూ మార్చారా?"

"ఆయ్, ఆరింట్లోనూ మార్చామండి. మీరు ఊరికే వైరు కొరికేశారండి."

తెర మీదకి వంగి చూశాడు. FD 50 RT 90 FD 50 RT 90. ఆరు మిషన్లలో ఆరు ముగ్గులు, అన్నీ చక్కగా కలిసి ఉన్నాయి. ఒక్క పేరూ లేదు. యెహెజ్కేలు ఈసారి మొహం తిప్పుకోలేదు. హారతి తల మీద చెయ్యి వేసి, అందరి ముందే ఏడ్చాడు.

గీతిక తలుపువైపు దూకింది. గుమ్మం బయట ముప్పై జతల చెప్పుల కుప్ప. అందులో ఆవిడ హైహీల్ ఒకటే దొరికింది. దాన్ని విసిరికొట్టి ఒట్టికాళ్ళతో పరిగెత్తింది. మార్చి మిట్టమధ్యాహ్నం, కాలే కంకర. పది అడుగులు గెంతి గేటు పట్టుకుని నిలబడిపోయింది. యెహెజ్కేలు పదేళ్ళొచ్చేవరకు చెప్పులెరగని మనిషి. నిదానంగా నడిచి వెళ్ళి బేడీలు వేశాడు.

సాయంత్రం మాణిక్యాంబ గారి గదినుంచి చీఫ్‌కి ఫోన్ చేశాడు. బ్యూరో మనుషులు లైను అప్పటికే అతికించారు.

"శభాష్! ఆరుగురినీ వెనక్కి రప్పిస్తున్నాం," అన్నారు సాంబశివరాజు గారు. "నువ్వు కాపాడావని దుర్గాసాయికి చెప్పనా?"

"నేను కాదండి. మూడో తరగతి బి సెక్షను. మిషనుకి అయిదుగురు."

"వాళ్ళకి పాఠం చెప్పిన మాస్టారెవరని అడిగితే ఏం చెప్పమంటావు?"

యెహెజ్కేలు విరిగిన పంటిని నాలుకతో తడుముకున్నాడు. బయట హారతి, బడి వదిలినా ఇంటికి పోకుండా, ఎవరినో తాబేలులా నడిపిస్తూ తిడుతోంది, అచ్చం మాస్టారి గొంతుతోనే.

"ఆ మాస్టారు సెలవులో ఉన్నాడనీ, పాఠం మాత్రం జరుగుతూనే ఉందనీ చెప్పండి."