రెండో సైన్యం ఎవరికి

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పున ఎండ, పడమట మబ్బు, నడినెత్తిన రెండూ కాని మసక. కాయ కోయిద్దామంటే వాన భయం, ఆగుదామంటే గాలి భయం. నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలున్న వాళ్ళందరూ ఆ ఆదివారం తలలు పైకెత్తి నడుస్తున్నారు.

అభిరామ్ మాత్రం తలెత్తలేదు. భాస్కరరావు గారి తోటలో, రేకుల షెడ్డు కింద గడ్డి మీద పోసిన చిన్నరసాల్ని సైజుల వారీగా ఏరుతున్నాడు. పక్క నాలుగెకరాలు అతనివి. సొంత షెడ్డు లేదు గనక నాలుగేళ్ళుగా రెండు తోటల కాయా ఇక్కడికే చేరుతుంది.

ఆ నాలుగేళ్ళలో అతనికి తేలని సంగతి ఒకటుంది. భాస్కరరావు గారిని ఏమని పిలవాలి? బాబాయి గారూ అంటే ఆయన కూతురు కీర్తిప్రియ చెల్లెలైపోతుంది. మావయ్య గారూ అనాలంటే గుండె కావాలి. అందుకని "ఏమండీ", "అదేనండీ", "ఇదిగోండి"లతో నెట్టుకొస్తున్నాడు.

స్కూటీ ఆగింది. కీర్తిప్రియ నూజివీడులో ఒక జూనియర్ కాలేజీలో హిస్టరీ చెబుతుంది. చేతిలో మామిడికాయల అట్టపెట్టె ఉంది.

"పనిలో ఉన్నారా?"

"లేదండీ," అన్నాడు, రెండు చేతుల్లో ఆరు కాయలతో.

పెట్టె తెరిచింది. లోపల కాయలు లేవు. బొటనవేలి కణుపంత లోహపు సైనికులు, నలభై మంది దాకా ఉన్నారు.

"టేబుల్ మీద ఆడే యుద్ధమండీ. పాచికలు వేసి, టేపుతో కొలిచి నడిపిస్తాం. ఇవి శాంపిల్స్. రెండు సైన్యాలు ఎంచుకుని సాయంత్రానికి ఆర్డర్ పెట్టాలి."

"ఏ యుద్ధం?"

"మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయాక, రెండోది రాకముందు ఇరవై ఏళ్ళున్నాయి చూడండి, అప్పటిది. పాత కోట్లు, కొత్త తుపాకులు. ఎవరు ఎవరి వైపో సగం మందికి తెలియని కాలం."

నా సంగతిలాగే ఉందే అనుకున్నాడు అభిరామ్.

"నాకు చరిత్ర వచ్చు గానీ కన్ను లేదు. ఈ బొమ్మలు చేసే రెండు కంపెనీలూ ఒకే సైజని రాశాయి. కాస్త ఏరి పెట్టండి."

ఏరమంటే అతనికి తెలిసింది ఒకటే. పది నిమిషాల్లో గడ్డి మీద మూడు కుప్పలు వెలిశాయి. పెద్దవి, మధ్యరకం, చిన్నవి.

"అదేంటండీ, శత్రువుల్ని తెచ్చి ఒకే కుప్పలో పోశారు?"

"సైజు ఒకటేనండీ."

"ఇతను ఇతన్ని కాల్చాలి."

"పక్కనే ఉన్నాడుగా. సులువు."

ఆమె నవ్వు ఆపుకోడానికి మామిడాకులకేసి చూసింది. ఆ చూడ్డం అతనూ చూశాడు.

"కంపెనీ మాట తప్పు," అన్నాడు. "ఇటువాళ్ళు జొన్నగింజంత ఎక్కువ పొడుగు. కాళ్ళ కింద బిళ్ళలు మార్చండి. పొడుగోడికి పల్చటిది, పొట్టోడికి మందంది. కంటికి సరిపోతుంది."

"అందుకే మీ దగ్గరికొచ్చాను. ఒక సైన్యం నాకు. రెండోది మీరే ఎంచండి."

"ఎవరికి?"

"ఆదివారాలు నాతో కూర్చుని భోంచేసే మనిషికి. జీవితాంతం నాతో ఆడాలి మరి."

అభిరామ్ చేతిలోని సైనికుడు గడ్డిలో పడ్డాడు. కీర్తిప్రియకి చింతలపూడి నుంచి సంబంధం వచ్చిందనీ, అబ్బాయి బ్యాంకులో పనిచేస్తాడనీ కోతకొచ్చిన గోవిందమ్మ నాలుగు రోజుల కిందటే చెప్పింది. బ్యాంకు వాళ్ళకి ఆదివారం సెలవే కదా.

"మనిషి ఎలాంటివాడండీ?" అన్నాడు.

"మాట్లాడడు. చూస్తాడు. ఏదన్నా అడిగితే మూడుసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకుని గానీ చెప్పడు."

బ్యాంకు వాళ్ళు అలాగే ఉంటారు కాబోలు అనుకున్నాడు. తుపాకులు వంగినవాళ్ళు, ముఖాలు సరిగా పోతపడని వాళ్ళు ఏడుగురు కనిపించారు. ఆ బ్యాంకాయనకి వీళ్ళు చాలు అనిపించింది. చెయ్యి మాత్రం అటు పోలేదు. మచ్చకాయని మంచికాయల్లో ఏనాడూ కలిపిన చెయ్యి కాదది. చివరికి అతుకుల కోట్లు, కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టుకుని, తలకో రకం టోపీ పెట్టుకున్న వాళ్ళని ఏరాడు.

"వీళ్ళేనా? ఎందుకు?"

"ఇళ్ళ దగ్గర పని వదులుకుని వచ్చినట్టున్నారు. వెనక్కి పోరు."

ఆమె షెడ్డు మూల నుంచి రెండు ఖాళీ అట్టపెట్టెలు తెచ్చింది. తరవాత ఒక పెట్టె మీద స్కెచ్ పెన్నుతో 'కీర్తి' అని రాసి, పెన్ను అతని ముందుకు జరిపింది.

"రెండో దాని మీద పేరు రాయండి."

"ఆయన పేరు నాకు తెలియదండీ."

"ఏ ఆయన?"

"చింతలపూడి ఆయన."

"వాళ్ళని రావద్దని బుధవారమే చెప్పేశాం." ఆమె గొంతు తగ్గింది. "సీజన్లో ప్రతి ఆదివారం ఈ షెడ్డులో నాతో కేరేజీ విప్పేది ఎవరండీ?"

అభిరామ్ ఆ మాటని ఒకసారి తిప్పాడు. రెండోసారి తిప్పాడు. మూడోసారికి రేకుల మీద వాన మొదలైంది.

"మీ నాన్నగారికి?"

"చెప్పాను. 'ఆ కుర్రాడు నన్ను నాలుగేళ్ళుగా ఏ వరసా పెట్టి పిలవడం లేదు. ముందు పిలవనీ, అప్పుడు చూద్దాం,' అన్నారు."

"ఏ వరసైనా పర్లేదన్నారా?"

"మీరు బాబాయి అన్నారో, రెండు సైన్యాలూ నావే."

అంతలో మోపెడ్ చప్పుడైంది. నెత్తిన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని భాస్కరరావు గారు కేరేజీతో దిగారు. గడ్డి మీదున్న సైనికుల్ని చూశారు, పేరు లేని పెట్టెని చూశారు. మూడు విస్తళ్ళు పరిచారు. పప్పు గిన్నె తన మోకాలి పక్కనే పెట్టుకున్నారు.

అభిరామ్ ఉత్త అన్నం ఒక ముద్ద తిన్నాడు. రెండో ముద్దా ఉత్తదే తిన్నాడు. కీర్తిప్రియ అన్నం కలపడం మానేసి చూస్తోంది. మూడో ముద్ద నోటిదాకా తెచ్చి దింపేశాడు.

"మావయ్య గారూ," అన్నాడు. "పప్పు ఇలా ఇస్తారా?"

ఆయన చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. తరవాత గిన్నె అతనివైపు జరిగింది. ఆ వెనకే ఆయన బుట్టలోంచి ఒక పండు చిన్నరసం తీసి, మెల్లగా పిసికి, ముచిక గిల్లి, అతని విస్తట్లో పెట్టారు.

పప్పులో కారం ఎక్కువైంది. ముగ్గురి కళ్ళూ చెమర్చాయి. ఎవరూ ఆ మాట ఎత్తకుండా వాన తెరిపిచ్చేదాకా తింటూ కూర్చున్నారు.