రెండో నూనె

గురువారం సాయంత్రం కాచిన నూనె గురువారంతోనే అయిపోవాలి. అందిజాన్ పట్నం చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అంతే. మూకుట్లో నూనె పొగలెత్తేదాకా కాచి, నాలుగు పిండిముక్కలు వేయించి, పోయినవాళ్ల పేరు చెప్పి చేతులు చాస్తే, ఆ వాసనకి వాళ్ల ఆకలి తీరుతుంది. మామగారి పేరున మునవ్వర్ నిన్న సాయంత్రమే ఆ పని చేసింది. అయినా శుక్రవారం పొద్దున్నే, వాకిలి చిమ్మి, ఆవుకి గడ్డి వేసి, పాక వెనకాల మళ్లీ పొయ్యి రాజేసింది.

నూనె వాసనని దాచడం ఎవరివల్ల అవుతుంది? గదిలో తుంటి ఎముక విరిగి రెండు నెలలుగా మంచంలో ఉన్న అత్తగారు సలామత్‌కి కాళ్లు పనిచేయకపోయినా ముక్కు బాగానే పనిచేస్తోంది.

"ఒరే తుర్సునలీ! నీ పెళ్లాం మళ్లీ మొదలుపెట్టిందిరా!" అని అరిచింది.

టీ తాగుతున్న తుర్సునలీ గిన్నె కిందపెట్టాడు. "పొద్దున్నే ఏం గొడవమ్మా?"

"ఆరు వారాలుగా చూస్తున్నాను. మీ నాన్న నూనె నిన్ననే అయింది. దాని అమ్మా నాన్నా గుండ్రాళ్లలా ఉన్నారు. మరి ఈ రెండో నూనె ఎవరికిరా? నాకే! నేనింకా బతికుండగానే నాకు నూనె కాస్తోంది!"

మునవ్వర్ పరుగున వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఫిబ్రవరిలో, పనికి వెళ్లిన టర్కీలో వచ్చిన భూకంపం నుంచి బతికి బయటపడి వచ్చినప్పటి నుంచీ ఆమె అంతే. కప్పు కింద కాసేపు కూడా నిలబడలేదు. అత్తగారికి తినిపించడం, శుభ్రం చేయడం అన్నీ చేస్తుంది, కానీ తలుపు బార్లా తీసిపెట్టి, పని అవగానే వాకిట్లోకి పారిపోతుంది. చలి మొదలవుతున్నా పడక వాకిట్లో బల్లమీదే. ఊరంతా చెవులు కొరుక్కుంటోంది.

"అలా అనకండి అత్తయ్యా. నా నాలుక తెగిపడాలి, మీ గురించి అలా అనుకుంటే."

"మరి ఎవరికే? చెప్పు! పరాయి దేశంలో ముసలిదానికి మూడేళ్లు ఊడిగం చేశావు, దానితో ఒకే గదిలో పడుకున్నావు. నేను అర్ధరాత్రి నీళ్లకి పిలిస్తే మాత్రం వాకిట్లోంచి కదలవు. నేను ఎప్పుడు పోతానా అనేగా!"

తుర్సునలీ లేచాడు. ఏడు నెలలు ఓర్చుకున్న మనిషి. "ఇవాళ తేలిపోవాలి మునవ్వర్. ఎవరికో చెప్పు. లేదంటే మీ అమ్మవాళ్లింటికి పో. అమ్మని చూసుకోవడానికి ఇంకెవరినైనా పెట్టుకుంటాను."

మునవ్వర్ ముఖం దించుకుంది. గుమ్మం పట్టుకుని నిలబడి అంది. "హాతిజే అమ్మగారికి."

"ఆ ముసలావిడ భూకంపానికి ముందురోజే తన కొడుకింటికి వెళ్లిపోయిందన్నావుగా?" అన్నాడు తుర్సునలీ.

"అబద్ధం చెప్పాను."

ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. "ఆవిడకి మతిమరుపు. రాత్రిళ్లు లేచి వీధిలోకి పోయేది. అందుకని నా తలగుడ్డ ఒక కొస ఆవిడ మణికట్టుకి, ఇంకో కొస నా మణికట్టుకి కట్టుకుని పడుకునేదాన్ని. అక్కడ ముసలివాళ్లని చూసుకునే మనవాళ్లు చాలామంది అలాగే చేస్తారు. ఆ తెల్లవారుజామున మంచాలు ఎగిరాయి. గోడ చీలి వీధి కనబడింది. నేను పరుగెత్తబోతే గుడ్డ వెనక్కి లాగింది. ఆవిడ మంచంమీదే కూర్చుని నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. అన్నీ మరిచిపోయిన మనిషికి నా పేరు మాత్రం గుర్తుంది."

"అయితే?" అంది సలామత్.

"ముడి ఊడలేదు అత్తయ్యా. పళ్లతో కొరికి విప్పుకున్నాను. నాలుగు అంతస్తులు దిగి వీధిలో పడేసరికి వెనకాల ఇల్లు లేదు. ఆవిడ నలభై కిలోలు కూడా ఉండదు. స్నానానికి రోజూ నేనే ఎత్తుకునేదాన్ని. ఆ రోజు ఎత్తుకోలేదు."

"ప్రాణం మీదికొస్తే ఎవరైనా అదే చేస్తారులే..." అని తుర్సునలీ ఏదో సర్దిచెప్పబోయాడు.

"నువ్వు నోరు ముయ్యరా," అంది తల్లి. "నువ్వక్కడ లేవు."

సలామత్ కోడలి ముఖంలోకి చూసింది. తిడుతుందనే అనుకున్నాడు కొడుకు.

"నూనె కాచి ఆవిడ పేరు చెబుతున్నావా?"

"నోరు పెగలడం లేదు. ఏ ముఖంతో చెప్పను? ఊరికే కాచి, పిండిముక్కలు కుక్కకి వేస్తున్నాను."

"పేరు చెప్పకపోతే ఆ ముసలిదానికి ఎలా అందుతుందే, పిచ్చిదానా! ఇన్నాళ్లూ పస్తు పెట్టావు. పో, మూకుడు ఇక్కడికి పట్రా."

మునవ్వర్ పొగలు కక్కే మూకుడు తెచ్చి మంచం పక్కన పెట్టింది. సలామత్ అరచేతులు చాచి, హాతిజే పేరు రెండుసార్లు గట్టిగా పలికి, ప్రార్థన చదివి, ఆ అరచేతులతోనే ముఖం తడుముకుంది. కోడలూ చేతులు చాచింది కానీ ఆ పేరు పలకలేకపోయింది.

"ఇటు విను," అంది సలామత్. "భూమి కదిలితే నన్నూ వదిలేసి పరుగెత్తు. నేనే చెబుతున్నాను. ఆవిడకి తెలివి ఉండుంటే ఆ మాటే చెప్పేది."

మునవ్వర్ తల అడ్డంగా ఊపింది. "చెప్పేది కాదు అత్తయ్యా. రమ్మనే పిలిచింది. ఆ గొంతు నాకు తెలుసు."

సలామత్ కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది.

"నిజమేనే. నేనైనా పిలుస్తాను. ఇంత ముసలిదాన్నయినా నాకూ ప్రాణం తీపే. మునవ్వర్, మునవ్వర్ అని అరుస్తూనే ఉంటాను. అరవకుండా ఉంటానని నీకు అబద్ధం చెప్పలేను." ఆవిడ కోడలి చెయ్యి పట్టుకుంది. "నేను ఎంత పిలిచినా నువ్వు మాత్రం ఆగకు, తల్లీ."

ఫిబ్రవరి నుంచి ఒక్క చుక్క కన్నీరు రాని మునవ్వర్ అత్తగారి గుండెలమీద తల పెట్టి భోరుమంది. తుర్సునలీ మూకుడు తీసుకుని బయటికి వెళ్లాడు.